అర ఆంపియరు చరిత్ర

చలనచిత్ర ప్రదర్శనలో బొమ్మను దాచే వస్తువు ఒకటి, దాన్ని తెరమీద వేసే యంత్రం మరొకటి. చాలాకాలం పాటు ఈ రెండింటిలో శక్తి కోరినది యంత్రం మాత్రమే. సెల్యులాయిడ్ ఫిల్ము డబ్బాలో ఉన్నంతకాలం దేనినీ అడగదు. యంత్రానికి ఎక్కించిన తర్వాత కూడా అది తనంత తాను చేసే పని ఏమీ లేదు, పళ్లచక్రం లాగితే కదులుతుంది, దీపం వెలిగితే కనిపిస్తుంది. సినిమాను హార్డ్ డిస్కులో దాచడం మొదలైన తర్వాత ఈ సంబంధం తలకిందులైంది. డిస్కు తిరిగితే గాని అందులోని బొమ్మ బయటికి రాదు, తిరగడానికి దానికి సొంత మోటారు ఉంది, ఆ మోటారుకు కరెంటు కావాలి. ఆ కరెంటును ప్రదర్శన యంత్రమే, సమాచారం అందుకొనే తీగ గుండానే, డిస్కుకు ఇవ్వడం ఇటీవలి దశాబ్దాలలో వచ్చిన ఏర్పాటు. సంచిలో పట్టే ప్రొజెక్టరుకు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు తగిలించినప్పుడు ఒకచోట సినిమా సాఫీగా నడవడానికి, మరొకచోట డిస్కు టిక్కుటిక్కుమని మొరాయించడానికి మూలం, 1990లలో కీబోర్డుల వంటి చిన్న పరికరాల కోసం నిర్ణయించిన ఒక కొలతలో ఉంది. ఆ కొలత అర ఆంపియరు.

ఊరూరా తిరిగే ప్రదర్శనకు శక్తి ఎక్కడినుండి తేవాలన్న ప్రశ్న సినిమాతోపాటే పుట్టింది. 1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటల్లో తొలి ప్రదర్శన ఇచ్చిన ల్యూమియేర్ సోదరుల యంత్రం చేతితో తిప్పేది. ఫిల్మును నడిపించినది మనిషి చెయ్యి, వెలుగును ఇచ్చినది విడిగా అమర్చిన దీపం. కరెంటు లేని ఇళ్లను కూడా దృష్టిలో పెట్టుకొని ఫ్రాన్సుకు చెందిన పాథే సంస్థ 1912 నాటికి విడుదల చేసిన కోక్ అనే గృహ ప్రొజెక్టరు ఇంకో అడుగు ముందుకు వేసింది. దాని పిడి తిప్పితే ఫిల్ము కదలడమే కాక, లోపల ఉన్న చిన్న డైనమో, అంటే తిప్పడం వల్ల కరెంటు పుట్టించే యంత్రం, దీపాన్ని కూడా వెలిగించేది. ఒకే చేతి బలం కదలికకూ కాంతికీ పంపకమయ్యే ఆ ఏర్పాటు, బ్యాటరీ ప్రొజెక్టరు తన కొద్దిపాటి శక్తిని దీపానికీ డిస్కుకూ పంచే నేటి ఏర్పాటుకు పూర్వరూపం అనదగినది.

తెలుగువారి సినిమా చరిత్రలోనూ ఈ ప్రశ్న మొదటి పుటల్లోనే ఎదురవుతుంది. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఛాయాచిత్రశాల నడిపిన రఘుపతి వెంకయ్య నాయుడు, 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించి, దక్షిణాది పట్టణాలలోనూ బర్మా, సింహళాలలోనూ ప్రదర్శనలు ఇచ్చారు. గోమోఁ అనే ఫ్రెంచి సంస్థ తయారుచేసిన ఆ యంత్రంలో బొమ్మ ఫిల్ముమీద, శబ్దం గ్రామఫోను పళ్లెం మీద ఉండేవి. రెండూ జత తప్పకుండా నడిస్తేనే పెదవి కదలికకు పాట అతికేది. ప్రొజెక్టరు పక్కన తిరిగే పళ్లెం ఒకటి ఉండి, అది ఆగితే ప్రదర్శన చెడిపోయే పరిస్థితి తెలుగువారికి అప్పుడే పరిచయమైందన్నమాట. తర్వాతి దశాబ్దాలలో వచ్చిన డేరా సినిమాలు, టూరింగ్ టాకీసులు కరెంటు లేని ఊళ్లలో ఆయిల్ ఇంజనును, దానికి బెల్టుతో కలిపిన డైనమోను తమ వెంట మోసుకుపోయాయి. ఇంజను చప్పుడు వినిపించనంత దూరంలో దాన్ని నిలిపి, తీగలు లాగి, ప్రొజెక్టరుకూ మైకుకూ కరెంటు ఇచ్చేవారు. ఆ రోజుల్లో అందరికీ చాలినంత శక్తి ఒక్కచోట పుట్టేది. ఎవరి వాటా ఎంత అన్న లెక్క అంత సూక్ష్మంగా వేయవలసిన అవసరం రాలేదు.

కంప్యూటరు ప్రపంచంలో ఆ లెక్క మొదటినుండీ వేరుగా సాగింది. సీరియల్ పోర్టు, ప్రింటరు తగిలించే పారలల్ పోర్టు సమాచారాన్ని మోయడానికి ఏర్పడినవే తప్ప పరికరాలకు కరెంటు పెట్టడానికి కాదు. అందువల్ల 1990ల నడుమ ప్రచారంలోకి వచ్చిన 100 మెగాబైట్ల జిప్ డ్రైవు వంటి పరికరాలకు సమాచారం తీగ ఒకటి, గోడ ప్లగ్గుకు పెట్టే ఎడాప్టరు మరొకటి తప్పనిసరిగా ఉండేవి. కీబోర్డు పోర్టులు మాత్రం దీనికి మినహాయింపు. కీబోర్డు లోపలి చిప్పుకు కావలసిన 5 వోల్టుల కరెంటు దాని తీగలోనే వచ్చేది. ఆపిల్ సంస్థ 1986లో ప్రవేశపెట్టిన డెస్క్‌టాప్ బస్ కూడా కీబోర్డుకూ మౌసుకూ కలిపి అదే 5 వోల్టుల మీద అర ఆంపియరు దాకా ఇచ్చేది. తీగలో కరెంటు పంపడమనే ఆచారం వేళ్ల కొసల దగ్గర ఉండే చిన్న పరికరాలకోసం పుట్టిందని దీనివల్ల తెలుస్తుంది.

కంప్యూటరు వెనుక ఒక్కో పరికరానికి ఒక్కో ఆకారపు పోర్టు ఉండే గందరగోళాన్ని తొలగించడానికి 1994లో కంపాక్, డిజిటల్ ఎక్విప్‌మెంట్, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్‌ఈసీ, నార్టెల్ అనే ఏడు సంస్థలు కలిసి పని ప్రారంభించాయి. ఇంటెల్ తరఫున ఈ కృషికి ప్రధానంగా నిలిచినవారిలో, వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో చదివిన అజయ్ భట్ ఒకరు. 1996 జనవరిలో వెలువడిన యూఎస్‌బీ మొదటి నిర్దేశ పత్రం, అంటే తయారీదారులందరూ పాటించవలసిన నియమావళి, నాలుగు తీగలను మాత్రమే కోరింది. రెండు సమాచారానికి, ఒకటి 5 వోల్టులకు, ఒకటి నేలకు. అప్పటి గరిష్ఠ వేగం సెకనుకు 12 మెగాబిట్లు. ఆ వేగంలో ఒక గిగాబైటు సమాచారం చేరవేయడానికి, తీగ మొత్తం దానికే వదిలినా, పదకొండు నిమిషాలు దాటుతుంది. అటువంటి తీగకు సినిమాలు నిండిన హార్డ్ డిస్కును తగిలిస్తారని ఊహించి కరెంటు వాటా నిర్ణయించి ఉంటారని అనుకోవడం కష్టం. ఆ వాటాను తప్పుపట్టడం కూడా న్యాయం కాదు, తనకు తెలిసిన పరికరాలకు అది ఉదారమైన వాటాయే.

ఆ నియమావళిలోని కరెంటు లెక్కను కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే తర్వాతి కథ అంతా దానిలోనే ఉంది. వోల్టేజిని నీటి గొట్టంలోని ఒత్తిడితో, ఆంపియరును ఆ గొట్టంలో పారే నీటి పరిమాణంతో పోల్చవచ్చు. రెండింటినీ గుణిస్తే వచ్చేది వాట్లు, అంటే క్షణక్షణం ఖర్చయ్యే శక్తి. యూఎస్‌బీ నియమం ప్రకారం తగిలించిన పరికరం మొదట 100 మిల్లీ ఆంపియర్లకు మించి తీసుకోరాదు. ఆతిథేయ యంత్రం, అంటే పోర్టు ఉన్న కంప్యూటరు లేక ప్రొజెక్టరు, 'నీవెవరు' అని అడుగుతుంది. పరికరం తన వివరాలతోపాటు తనకు గరిష్ఠంగా ఎంత కరెంటు కావాలో చెప్పుకుంటుంది. ఆ విన్నపానికి కేటాయించిన గడిలో సంఖ్యను 2 మిల్లీ ఆంపియర్ల చొప్పున లెక్కించాలి, కాబట్టి 250 అని రాస్తే 500 మిల్లీ ఆంపియర్లు అడిగినట్లు. అంతకంటె ఎక్కువ అడిగే హక్కు ఏ పరికరానికీ లేదు. ఆతిథేయి ఒప్పుకుంటే 5 వోల్టుల మీద అర ఆంపియరు, అంటే రెండున్నర వాట్లు దక్కుతాయి. సొంత ఎడాప్టరు లేని హబ్ మధ్యలో ఉంటే, ఒక పోర్టును నాలుగుగా చీల్చే ఆ పెట్టె తన కిందివారికి తలా 100 మిల్లీ ఆంపియర్లే పంచగలదు. ప్రొజెక్టరుకు డిస్కు నడవడం లేదని మామూలు హబ్ కొని తగిలించినవారికి అది ఎందుకు ఇంకా అధ్వాన్నమైందో ఈ ఒక్క నియమమే చెబుతుంది.

ఇక డిస్కు వైపు కథ. 1956లో ఐబీఎం వెలువరించిన రామాక్ యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి, దానిలో పట్టే సమాచారం 50 లక్షల అక్షరాలు, బరువు సుమారు ఒక టన్ను. అక్కడినుండి పళ్లెం వ్యాసం తగ్గుతూ వచ్చింది. 1980లో సీగేట్ సంస్థ 5.25 అంగుళాల డిస్కు, 1983లో స్కాట్లాండుకు చెందిన రోడైమ్ 3.5 అంగుళాల డిస్కు, 1988లో ప్రెయిరీటెక్ 2.5 అంగుళాల డిస్కు తెచ్చాయి. ఈ చివరి అడుగే ప్రొజెక్టరు కథకు ముఖ్యం. 3.5 అంగుళాల డిస్కు మోటారుకు 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీ తీగలో ఉన్నవి 5 వోల్టులు. కాబట్టి బల్లమీద పెట్టుకొనే పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కుకు గోడ ఎడాప్టరు దాదాపు ఎప్పుడూ తప్పలేదు. ల్యాప్‌టాప్ కోసం రూపొందిన 2.5 అంగుళాల డిస్కు మాత్రం 5 వోల్టులతోనే తిరుగుతుంది. 2000 ఏప్రిల్‌లో వచ్చిన యూఎస్‌బీ 2.0 సమాచార వేగాన్ని సెకనుకు 480 మెగాబిట్లకు, అంటే నలభై రెట్లకు పెంచడంతో, ఆ చిన్న డిస్కును ఒక డబ్బాలో పెట్టి ఒకే తీగతో అమ్మడం సాధ్యమైంది. వేగం నలభై రెట్లు పెరిగినా కరెంటు వాటా మాత్రం అరవీసం కూడా పెరగలేదు. ఒక నియమావళి తన ఒక కాలును అంత దూరం చాచి రెండవ కాలును పాతచోటనే ఉంచిన ఫలితాన్ని తర్వాత ఎనిమిదేళ్లపాటు డిస్కు కొన్న ప్రతివారూ అనుభవించారు.

ఫలితం ఎలా కనిపిస్తుందో పరిశీలించదగినది. నిమిషానికి 5,400 సార్లు తిరిగే 2.5 అంగుళాల డిస్కు, వేగం అందుకున్న తర్వాత చదువుతున్నప్పుడు సుమారు 400 నుండి 500 మిల్లీ ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. అది వాటాకు లోబడినదే. కాని నిశ్చలంగా ఉన్న పళ్లేన్ని ఆ వేగానికి తెచ్చే మొదటి కొద్ది సెకన్లలో, బండిని నెట్టేటప్పుడు మొదటి అడుగుకే ఎక్కువ బలం పట్టినట్లు, మోటారు ఒక ఆంపియరు దాకా గుంజుతుంది. పోర్టు వెనుక ఉన్న రక్షక పరికరం ఈ గుంజుడును ప్రమాదంగా భావిస్తే కరెంటు కత్తిరిస్తుంది. కత్తిరించకపోయినా మరో చిక్కు ఉంది. సన్నని తీగలో మీటరు పొడవున, పోయే దారి వచ్చే దారి కలిపి, సుమారు 0.4 ఓముల నిరోధం ఉంటుంది. దానిలో ఒక ఆంపియరు పారితే 0.4 వోల్టులు తీగలోనే వేడిగా హరించుకుపోయి, డిస్కుకు 4.6 వోల్టులే చేరతాయి. మామూలుగా ఈ డిస్కులు 5 వోల్టులకు అటూ ఇటూ ఐదు శాతం, అంటే 4.75 వరకే సహిస్తాయి. వోల్టేజి అంతకంటె పడిపోగానే డిస్కు తన చదివే ముక్కును పళ్లెం మీదినుండి పక్కకు లాగేసుకొని మళ్లీ మొదటినుండి ప్రయత్నిస్తుంది. అందరూ డిస్కు చెడిపోయిందని భయపడే ఆ టిక్కుటిక్కు శబ్దం చాలాసార్లు ఆకలి చప్పుడే, రోగం కాదు. అయితే ఆకలిని పదేపదే రేపడం రోగానికి దారితీస్తుందన్నది కూడా నిజం. రాస్తున్న మధ్యలో కరెంటు పోతే ఫైళ్ల పట్టిక పాడవుతుంది, చదివే ముక్కు లెక్కకు మించి ఎక్కిదిగుతూ అరుగుతుంది.

ఈ కొరతను తీర్చడానికి తయారీదారులు కనిపెట్టిన ఉపాయం రెండు తలల తీగ. డిస్కు వైపు ఒక కొస, ఆతిథేయి వైపు రెండు కొసలు ఉండే ఆ తీగలో ఒక కొస సమాచారాన్నీ కరెంటునూ తెస్తే, రెండవది పక్క పోర్టునుండి కరెంటు మాత్రమే అరువు తెచ్చేది. ఒక పోర్టు ఇవ్వలేని ఆంపియరును రెండు పోర్టులు చెరిసగం ఇస్తాయి. రెండవ కొస ఎవరినీ అనుమతి అడగకుండా కరెంటు తీసుకుంటుంది గనుక, యూఎస్‌బీ ప్రమాణాలను చూసే సంఘం అటువంటి తీగను ఆమోదించలేదు. ఆమోదం లేని ఆ తీగే లక్షలాది డిస్కులను ఏళ్ల తరబడి నడిపించింది. నియమం ఇచ్చినదానికీ వస్తువు కోరినదానికీ మధ్య ఉన్న దూరానికి ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యం లేదు. అనేక కంప్యూటర్ల పోర్టులు అర ఆంపియరు దాటినా చూసీచూడనట్లు వదిలేసేలా తయారుకావడం మరో అనధికార ఉపశమనం. ల్యాప్‌టాప్‌కు పెడితే నడిచిన డిస్కు ప్రొజెక్టరుకు పెడితే నడవకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే, ల్యాప్‌టాప్ చూపిన ఔదార్యాన్ని చూపే శక్తి ప్రొజెక్టరుకు లేదు.

ఆ శక్తి ఎందుకు లేదో తెలియాలంటే చిన్న ప్రొజెక్టరు పుట్టుక చూడాలి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ 1987లో రూపొందించిన చిప్పు, వెంట్రుక మందం కన్న చిన్నవైన అద్దాలను లక్షల సంఖ్యలో ఆడించి బొమ్మను ఏర్పరుస్తుంది. దాని ఆధారంగా 1996లో ప్రొజెక్టర్లు మార్కెట్టుకు వచ్చాయి. వాటి దీపాలు వందల వాట్లు తినేవి కాబట్టి బ్యాటరీ ఊసే లేదు. నీలి కాంతి ఎల్‌ఈడీ సాధ్యమై, దానికి కారకులైన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి తెచ్చిన ఆ పరిణామం లేకపోతే జేబు ప్రొజెక్టరు లేదు. 2008లో త్రీఎం సంస్థ ఎంప్రో110, ఆప్టోమా సంస్థ పీకే101 అమ్మకానికి పెట్టాయి. వాటి వెలుగు పది ల్యూమెన్ల లెక్కలోది, చీకటి గదిలో చిన్న గోడకు సరిపోయేది. ఈ రెండింటిలోనూ పెన్ డ్రైవు పెట్టే పోర్టు లేదు. బొమ్మ బయటి పరికరం నుండి తీగ ద్వారా రావలసిందే. ఫోన్లకోసం చవకగా తయారవుతున్న వీడియో చిప్పులు ప్రొజెక్టరు లోపలికి చేరిన తర్వాతే అది తానే ఫైలు చదివి తానే ప్రదర్శించే యంత్రమైంది, అప్పుడే దాని ఒంటిమీద వెడల్పాటి యూఎస్‌బీ పోర్టు వెలసింది. ఆ పోర్టు రూపకర్తల మనసులో ఉన్నది పెన్ డ్రైవు. 2000లో ఇజ్రాయెల్‌కు చెందిన ఎం-సిస్టమ్స్, సింగపూర్‌కు చెందిన ట్రెక్ దాదాపు ఒకేసారి మార్కెట్టుకు తెచ్చిన ఆ పరికరంలో తిరిగే భాగమే లేదు, దాని ఆకలి 100, 200 మిల్లీ ఆంపియర్లతో తీరిపోతుంది.

బ్యాటరీ ప్రొజెక్టరులో లోపలి ఘటం ఇచ్చేది సుమారు 3.7 వోల్టులు. దానిని 5 వోల్టులకు పెంచడానికి ఒక చిన్న మార్పిడి పరికరం పనిచేస్తుంది, ఆ మార్పిడిలో సుమారు పదోవంతు వృథా అవుతుంది. నలభై వాట్-గంటల బ్యాటరీ, పదహారు వాట్ల ఖర్చు ఉన్న ప్రొజెక్టరును ఉదాహరణగా తీసుకుంటే, అది రెండున్నర గంటలు, అంటే ఇంచుమించు ఒక తెలుగు సినిమా నిడివి, నడవాలి. దానికి రెండున్నర వాట్ల డిస్కును తగిలిస్తే, వృథాతో కలిపి ఖర్చు పందొమ్మిది వాట్లకు దగ్గరై, సమయం రెండు గంటల ఏడెనిమిది నిమిషాలకు పడిపోతుంది. పతాక సన్నివేశం డిస్కుకు బలి అయినట్లే. కాబట్టి తయారీదారు ఆ పోర్టుకు అర ఆంపియరుకు మించి ఇవ్వకుండా గట్టి కాపలా పెట్టడం పిసినారితనం కాదు. దీపం, విసనకర్ర, చిప్పు, డిస్కు ఒకే చిన్న కుండలోనుండి తాగుతున్నాయి. గోడ ఎడాప్టరుకు తగిలించి నడిపినప్పుడు అదే ప్రొజెక్టరు అదే డిస్కును మోయగలగడం కొన్నిచోట్ల కనిపించేది ఇందుకే.

కరెంటు కొరతతో సంబంధం లేని చిక్కులను కూడా ఈ కొరతకే అంటగట్టడం తరచు జరుగుతుంది. కొన్ని ప్రొజెక్టర్ల పోర్టు మరమ్మతు సాఫ్ట్‌వేరు ఎక్కించడానికే ఉంటుంది, ఫైళ్లు చదవదు. కొన్ని పాత పద్ధతి అయిన ఫ్యాట్32 అమరికను మాత్రమే గుర్తిస్తాయి, దానిలో ఒక్కో ఫైలు 4 గిగాబైట్లు మించరాదు. డిస్కు తిరుగుతున్న సన్నని కంపనం చేతికి తగులుతూ, తెరమీద ఏమీ రాకపోతే, అనుమానించవలసింది కరెంటును కాదు, ఈ అమరికను.

కరెంటు వాటాను సరిదిద్దే పని 2008 నవంబరులో యూఎస్‌బీ 3.0తో మొదలైంది. అది వాటాను 900 మిల్లీ ఆంపియర్లకు, అంటే నాలుగున్నర వాట్లకు పెంచింది. డిస్కు మొదటి గుంజుడుకు అది దాదాపు సరిపోతుంది. ఎక్స్‌టర్నల్ డిస్కుల మీద రెండు ముక్కలుగా కనిపించే వెడల్పాటి చదును సాకెట్టు ఆ తరానిదే, దానితో రెండు తలల తీగ మెల్లగా కనుమరుగైంది. మరోవైపు ఫోన్లను ఇదే పోర్టుతో ఛార్జి చేసే అలవాటు పెరగడంతో, ఛార్జింగ్ కోసం 1.5 ఆంపియర్ల వరకు అనుమతించే నియమాలు, 2012లో 100 వాట్ల దాకా పోగల పవర్ డెలివరీ పద్ధతి, 2014లో ఎటు తిప్పి పెట్టినా పట్టే టైప్-సీ సాకెట్టు వరుసగా వచ్చాయి. కీబోర్డుకు పెట్టిన గుప్పెడు అన్నం కంప్యూటరునే పోషించే స్థాయికి పెరిగింది. అయితే ఈ ఔదార్యం ఎక్కువగా ప్రొజెక్టరు లోపలికి వచ్చే దారిలో కనిపించింది, బయటికి పోయే దారిలో కాదు. టైప్-సీ సాకెట్టు నుండి నలభై, అరవై వాట్లు పుచ్చుకొనే ప్రొజెక్టరు కూడా, పక్కనే ఉన్న వెడల్పాటి పోర్టునుండి డిస్కుకు పాత అర ఆంపియరే ఇవ్వడం అరుదు కాదు. 2.0 తరం పోర్టు చవక, సినిమా చదవడానికి దాని వేగం ధారాళంగా చాలు, కాబట్టి తయారీదారుకు దాన్ని మార్చే తొందర లేదు.

ఈ మధ్యకాలంలో వాడుకరులు ఆశ్రయిస్తున్న పరిష్కారాలలో ఆమోదయోగ్యమైనది సొంత ఎడాప్టరు ఉన్న హబ్. డిస్కుకు కరెంటు గోడనుండి వస్తుంది, ప్రొజెక్టరుకు సమాచారం మాత్రమే పోతుంది. కరెంటు లేని చోట ఆ హబ్‌కు పవర్ బ్యాంకును ఆధారం చేయవచ్చు. టూరింగ్ టాకీసువారు వెంట మోసిన ఇంజను ఇప్పుడు అరచేతి మందం బ్యాటరీగా ప్రొజెక్టరు పక్కన కూర్చున్నదన్నమాట. నాసిరకం హబ్‌లలో ఎడాప్టరు కరెంటు వెనక్కు పారి ప్రొజెక్టరు పోర్టులోకి పోయే ప్రమాదం ఉంది గనుక, అటువంటి ఎదురు ప్రవాహాన్ని ఆపే ఏర్పాటు ఉన్నదానినే ఎంచుకోవాలి. పొట్టి, లావు తీగ వాడటం మరో చవకైన ఉపశమనం. తీగ సగమైతే దానిలో హరించే వోల్టేజి కూడా సగమవుతుంది.

మోటారు లేని ఎస్‌ఎస్‌డీలు, అంటే పెన్ డ్రైవు పద్ధతిలోనే చిప్పులతో తయారయ్యే వేగవంతమైన డిస్కులు, చవకవుతున్నకొద్దీ మొదటి గుంజుడు అనే సమస్య సన్నగిల్లుతున్నది. వాటిలోనూ వేగంగా రాసేటప్పుడు ఆకలి పెరిగేవి ఉన్నాయి. ప్రొజెక్టరు చదవడమే తప్ప రాయదు గనుక అది అంతగా బాధించదు. తిరిగే డిస్కులు మాత్రం ఇంకా ఇళ్లలో మిగిలి ఉన్నాయి, పెళ్లి వీడియోలు, పాత సినిమాలు వాటిలోనే ఉన్నాయి. వాటిలో ఒకదానిని కొత్త ప్రొజెక్టరుకున్న పాతతరం పోర్టులో పెట్టిన ప్రతిసారీ, తెరమీద ఏదైనా కనిపించకముందే, 1996లో రాసిన సంభాషణే తీగలో మళ్లీ జరుగుతుంది. డిస్కు తనకు కావలసిన కరెంటును 2 మిల్లీ ఆంపియర్ల చొప్పున లెక్కగట్టి చెబుతుంది, ఆ గడిలో 250 కన్న పెద్ద సంఖ్య రాయడానికి నియమం ఒప్పుకోదు, మోటారు మొదటి చుట్టుకు కావలసిన ఆంపియరు సంగతి ఆ సంభాషణలో ఎక్కడా రాదు.